మేడ మీది అఫ్గాన్ ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పాను, ఇప్పుడు ముందుకెలా వెళ్ళాలి?

లేసు_అత్తయ్య:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదివేసి పోయే రకం, రాయడం తక్కువ. ఈసారి రాయక తప్పలేదు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది లేసు అల్లే నర్సాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయి వైజాగు వచ్చి ముప్పై నాలుగేళ్ళు. మావారు పోర్టులో చేసి రిటైరయ్యారు. పెదవాల్తేరులో ఇల్లు. మేడ మీద రెండు గదుల పోర్షను యూనివర్సిటీ పిల్లలకి అద్దెకిస్తూంటాం. 2020 సంక్రాంతి ముందు ఒక అఫ్గాన్ అబ్బాయి, పీహెచ్‌డీ చేస్తున్నాడు, భార్యతో దిగాడు. మరుసటేడు ఆగస్టు 15న మేం కింద టీవీలో జెండా వందనం చూసి టిఫిన్లు చేశాం. సాయంత్రానికి మేడ మీద ఏడుపులు. కాబూల్ తాలిబాన్ల చేతికి పోయిన రోజది. అతని తల్లి గుండె వైద్యానికి అంతకు నెల ముందే ఢిల్లీ వచ్చి ఉంది, తోడు పెద్ద కూతురు. ఇద్దరూ ఇక వెనక్కి వెళ్ళలేక ఇక్కడికే వచ్చేశారు.

ఆ పెద్దమ్మాయి అక్కడ బడిలో లెక్కలు చెప్పేదట. ఇక్కడ రోజంతా మేడ మెట్ల మీద కూర్చుని గోడ చూసేది. పలకరిస్తే నవ్వేది, అంతే. ఒకరోజు నేనూ దారం ఉండ పట్టుకుని వెళ్ళి కింద మెట్టు మీద కూర్చున్నాను. మూడోరోజుకి రెండు మెట్లు దిగి వచ్చి నా చేతులే చూస్తూంది. సూది చేతికిచ్చాను.

ఆవిడది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుని నేర్పితే అన్నీ తల్లకిందులయ్యేవి. ఆఖరికి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను, అద్దంలో చూసినట్టు. అరగంటలో చైను కుట్టు పట్టేసింది. సీరియళ్ళ పుణ్యమా అని ఆవిడకి హిందీ బాగా వచ్చు, నాకే రాదు. "ఇలా... ఇలా... కాదు, ఇలా", ఇదే మా భాష.

తర్వాత తమ్ముడి భార్య, తల్లి, పక్క వీధి నుంచి ఇంకో ఇద్దరు. మొత్తం ఐదుగురు. మధ్యాహ్నం రెండున్నర నుంచి దీపం పెట్టే వేళ దాకా మా వరండాయే. ఎనిమిది నెలలయింది.

ఇక అసలు సంగతి. ఒక టేబుల్ రన్నర్, అదే బల్ల మీద పొడుగ్గా పరిచే లేసు, చేశాం. నలుగురు పువ్వులు అల్లారు, అతుకుపని నేను చేశాను. గంటలు గోడ క్యాలెండరు మీద రాసుకుంటూ వచ్చాను: 66. దారానికి 210. ఎగ్జిబిషన్‌లో 1,200కి పోయింది. మిగిలింది 990. అంటే గంటకి 15 రూపాయలు. మా అమ్మ చిన్నప్పుడు లేసు ఏజెంటు దగ్గర కళ్ళు పోగొట్టుకున్నదీ ఇలాంటి లెక్కకే. నేను మంచి చేస్తున్నాననుకుని ఆ లెక్కనే వీళ్ళ నెత్తిన పెట్టానా అని రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఎగ్జిబిషన్ సంగతి వేరే చెప్పాలి. పేరెందుకు గానీ, సేవా సంస్థ వాళ్ళు స్టాల్ ఇస్తామన్నారు. వెళ్ళి చూస్తే పైన పెద్ద ఫ్లెక్సీ, "శరణార్థి మహిళల కన్నీటి అల్లికలు". కింద వీళ్ళ ముగ్గురి ఫోటోలు. అడక్కుండానే వేసేశారు. వచ్చినవాళ్ళు సెల్ఫీలు దిగారు, "అయ్యో పాపం" అన్నారు, ఆ తర్వాత 400 డోయిలీని, అదే చిన్న లేసు గుడ్డని, 150కి అడిగారు. పెద్దమ్మాయి మధ్యాహ్నమే లేచి ఇంటికెళ్ళిపోయింది. ఆవిడ చెల్లెళ్ళు ఇంకా అఫ్గానిస్తాన్‌లోనే ఉన్నారు. ఫోటో ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

ఇలాగే సాగించనా, మానెయ్యనా, వేరే దారేమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఏయూ_హాస్టల్:
అత్తయ్యగారూ, మా డిపార్ట్‌మెంట్‌లోనూ అఫ్గాన్ సీనియర్లున్నారు. ఆ ఆగస్టులో మెస్‌లో ఒక్కరూ తిండి ముట్టలేదు. ఫ్లెక్సీ సంగతి చదివి ఒళ్ళు మండింది. మిగతా విషయాల్లో సలహా ఇచ్చేంత తెలివి నాకు లేదు, మోతకూలీకి మాత్రం పిలవండి.

ఉక్కు_నిర్వాసితుడు:
తప్పుగా అనుకోకండి గానీ నాకు తెలీక అడుగుతన్నాను. మా ఊళ్ళు 64 పోయినాయి స్టీల్ ప్లాంట్‌కి. మా ఆడోళ్ళకి ఎవలు నేర్పినారు ఏటైనా? మా అమ్మకి ఆర్ కార్డు, అదే నిర్వాసితుల కార్డు, ఒక్కటి మిగిలింది, అది పట్టుకుని తిరిగీ తిరిగీ పోయింది. ఎప్పుడో మూడు నెలలు అగరొత్తులు సుట్టడం నేర్పినారు. సర్టిఫికెట్టు ఇచ్చినారు, ఫోటో తీసినారు, ఎల్లిపోనారు. కొన్నోడు లేడు. పీట ఇప్పటికీ మా అటక మీదుంది. దేశం కానోళ్ళ మీద ఉన్న జాలి ఇంటోళ్ళ మీద ఉండదేటి?

నిర్వాహకుడు:
ఉక్కు గారూ, మీ బాధ సబబే, దానికి వేరే చర్చ మొదలెడితే నేనే పైన పిన్ చేస్తాను. ఇక్కడ పౌరసత్వాల గొడవ, మతం గొడవ వద్దు. ఇప్పటికే రెండు టపాలు తీసేశాను. ఇంకోటి: ఎవరూ ఈ కుటుంబం ఫోటోలుగానీ ఇంటి గుర్తులుగానీ పెట్టొద్దు. అత్తయ్యగారూ, మీ మొదటి టపాలో వీధి పేరు నేనే తీసేశాను, కోప్పడకండి.

లేసు_అత్తయ్య:
మంచిపని చేశారు బాబూ. నాకు తట్టలేదు.

ఉక్కు బాబూ, నీ మాట నాకు గుచ్చుకుంది, నిజమే కాబట్టి. కానీ నేనేమీ దేశాలు చూసి ఎంచుకోలేదు. మా మెట్ల మీద ఎవరు కూర్చుంటే వాళ్ళకి నేర్పాను. మీ అమ్మగారు కూర్చుని ఉంటే ఆవిడకీ నేర్పేదాన్ని. ఆ అగరొత్తుల కథ మాత్రం మొత్తం చెప్పు, నాకు అదే కావాలి. కొనేవాడు లేకుండా నేర్పితే ఏమవుతుందో నీకే బాగా తెలుసు.

రంగం_మనవరాలు:
పిన్నిగారూ, కంచరపాలెం బర్మా క్యాంపు నుంచి రాస్తున్నాను. మా వాళ్ళనీ ఒకప్పుడు కాందిశీకులనే అనేవారు, అంటే శరణార్థులని. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలీదు.

మా ముత్తాత ఇటువైపు పల్లె నుంచి రంగం వెళ్ళాడు. అప్పట్లో రంగూన్‌ని రంగం అనేవారు కదా, ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళని ఇల్లు లేదు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేస్తే జనం అడవుల్లో పడి నడిచొచ్చారు, దారిలో చచ్చినవాళ్ళకి లెక్కే లేదు. మా ముత్తాత అప్పుడు రాలేదు, యుద్ధం అయ్యాక మళ్ళీ కొట్టు పెట్టాడు. 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో కొట్లన్నీ ప్రభుత్వం లాగేసుకుంది, అదే ఏడు మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవంది. మా అమ్మమ్మ చెప్పేది, తలగడలో కుట్టిన నోట్లు పిల్లలకి ఆడుకోను ఇచ్చేశాననీ, ఓడ దిగేటప్పుడు ఆవిడ దగ్గర ఉన్నవి ముక్కుపుడక, ఇద్దరు పిల్లలు, లుంగీల మూట అనీ.

ఇప్పుడు మీకు పనికొచ్చే ముక్క. ఇక్కడికొచ్చాక ఎవరో కుట్టుపని నేర్పారట, మిషన్ కూడా ఇప్పించారట. అమ్మమ్మ ఏడాది కుట్టింది. ఊళ్ళో అప్పటికే దర్జీలు బోలెడుమంది, ఈ కొత్తావిడ దగ్గరికి ఎవరొస్తారు? ఇల్లు నిలబెట్టింది మాత్రం నూడుల్స్. బర్మాలో ఇంట్లో వండుకునే తిండే, కొబ్బరిపాలు, వేయించిన ఉల్లి, శనగపిండి వేసి. మొదట క్యాంపులోవాళ్ళే కొనేవారు, తర్వాత ఊరంతా రావడం మొదలెట్టింది. మిషన్ మా మేనమామ కట్నంలోకి పోయింది.

నే చెప్పొచ్చేదేంటంటే, మీరు వాళ్ళకి లేసు నేర్పారు సరే. వాళ్ళకేం వచ్చో ఎవరైనా అడిగారా?

లేసు_అత్తయ్య:
లేదమ్మా. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ అడగలేదు. సిగ్గేస్తోంది.

ఢిల్లీ_తెలుగమ్మాయి:
రంగం అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు. నేను లాజ్‌పత్ నగర్ దగ్గరే ఉంటాను, ఇక్కడ అఫ్గాన్ రొట్టెల కొట్లు వరసగా ఉంటాయి. 2018 నుంచి సిలాయివాలీ అని ఒక సంస్థ అఫ్గాన్ ఆడవాళ్ళ చేత ఫ్యాక్టరీల్లో మిగిలిన గుడ్డ ముక్కలతో బొమ్మలు చేయిస్తోంది. వాళ్ళ బొమ్మ అందంగా ఉంటుంది కాబట్టి కొంటారు, ముందు జాలి కాదు. పాత సంగతీ ఉంది. దేశ విభజనప్పుడు వాయవ్య సరిహద్దు రాష్ట్రం (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) నుంచి వచ్చినవాళ్ళ కోసం ఢిల్లీ పక్కన ఫరీదాబాద్ ఊరు కట్టడంలో చేతిపనులని నిలబెట్టిన స్వాతంత్ర్య సమరయోధురాలు కమలాదేవి చటోపాధ్యాయ ఉన్నారు. ఢిల్లీలో కాందిశీకుల చేతిపనులు అమ్మడానికి ఆవిడ సహకార సంఘం నడిపిన కొట్లు, తర్వాత కాటేజ్ ఎంపోరియం, అన్నీ ఒకే ఆలోచన: ముందు కొట్టు, వెనక శిక్షణ. డార్జిలింగ్‌లో టిబెట్‌వాళ్ళ స్వయంసహాయక కేంద్రం 1959లో పెట్టారు, అక్కడ నేసినవి వాళ్ళ తివాచీలే, మనం నేర్పినవి కావు.

లేసు గురించి ఒక మాట, అత్తయ్యా, మీకు తెలియందేం కాదు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ మీ నర్సాపురం వచ్చి లేసు అల్లే ఆడవాళ్ళ లెక్కలు తీసింది. రోజుకి ఆరేడు గంటలు అల్లే మనిషిని "ఖాళీ టైములో ఏదో చేసుకునే ఇల్లాలు" అని పేరు పెట్టి, ఆ పేరు మీదే కూలి కోసేశారు, ఎగుమతి చేసినవాడు మేడ కట్టాడు, ఇదీ ఆవిడ చెప్పింది. మీ 15 రూపాయలు ఆ కథకి కొనసాగింపే. తప్పు మీది కాదు. యంత్రం అల్లిన లేసు పక్కన చేతి లేసు ధర నిలవదు.

లేసు_అత్తయ్య:
చేతిపని, అతుకుపని, కాజాకుట్టు అని మా ఊళ్ళో వేరు వేరు మనుషులు చేసేవారు, ఒకరికి ఇంకొకరి కూలెంతో తెలీదు. ఏజెంటు ముసలాయన మా అరుగు మీద కూర్చుని పువ్వు మీద పువ్వు పెట్టి కొలిచేవాడు, ఒక చైను తగ్గితే పక్కన పారేసేవాడు. ఆ మాటలు తల్చుకుని చాలాకాలమైంది. సరే, రేపు అడుగుతాను, ఏం వచ్చు మీకు అని.

పాత_గుమస్తా:
అందరూ దారం, సూది అంటున్నారు, కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. నలభై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోసినవాణ్ణి, నా జబ్బు నాది.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. శరణార్థులకని ప్రత్యేక చట్టమూ లేదు. కాబట్టి "శరణార్థి" అని ఎవరో ఫ్లెక్సీ మీద రాసినంత మాత్రాన ఆ మనిషి శరణార్థి అయిపోడు. చదువుకునే కుర్రాడి వీసా వేరు, అతని భార్యది వేరు, వైద్యానికి వచ్చిన తల్లిది వేరు, 2021 ఆగస్టులో అఫ్గాన్‌వాళ్ళకని తెచ్చిన ఈ-ఎమర్జెన్సీ వీసా ఇంకొకటి. ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు ఇంకోరకం. విద్యార్థి మీద ఆధారపడి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. నేర్చుకోవడం వేరు, అమ్మి డబ్బు తీసుకోవడం వేరు. మీరు మంచికి పోయి, రేపు వీసా పొడిగింపు దగ్గర ఎవరో ఫోటో చూపించి "ఇదేంటమ్మా వ్యాపారమా" అంటే నష్టం మీకు కాదు, వాళ్ళకి. పోలీసు కమిషనరేట్‌లో విదేశీయుల నమోదు చూసే విభాగం ఉంటుంది. ఆ అబ్బాయిని ఒక్కొక్కరి కాగితం తీసుకుని వెళ్ళి అడగమనండి. నోటిమాట తెచ్చుకోవద్దు.

లక్కపిడత:
గుమస్తాగారికి దండం. ఇది ముందు చెయ్యాల్సిన పని.

నాది ఏటికొప్పాక. కిందటి నెల ఒకరు ఫోన్ చేసి "మా శరణార్థి మహిళలకి పది రోజుల్లో లక్కబొమ్మలు నేర్పగలరా" అన్నారు. ఎవరో కాదు, అత్తయ్యగారి స్టాల్ వాళ్ళేమో అనిపిస్తోంది ఇప్పుడు. నేను వద్దన్నాను. తిరిగే అంకుడు కర్ర మీద లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది, చూట్టానికి అంతే. ఎంత నొక్కాలో చేతికి తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఎక్కువ నొక్కితే మాడుతుంది, తక్కువైతే పెచ్చులు లేస్తుంది. ఆఖర్న మొగలాకుతో మెరుగు పెట్టేటప్పుడు వేలు జారితే ఆసుపత్రే. పైగా మా కుర్రాళ్ళకే అంకుడు కర్ర చాలినంత దొరకట్లేదు. 2017లో మా బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, 2023లో మా బొమ్మల కళాకారుడు సీవీ రాజుగారికి పద్మశ్రీ వచ్చింది, పేరు పెరిగింది, చెట్లు పెరగలేదు.

కానీ అత్తయ్యా, ఒక పని చెయ్యొచ్చు. మా దగ్గర జాఫ్రా గింజ, పసుపు, నీలిమందు లాంటి రంగులతో చిన్న పూసలు, బొత్తాలు చేస్తాం. వాళ్ళ పనికి అవి పెడితే బావుంటుంది. ఏం పనో తేలాక చెప్పండి. ఎలమంచిలి బస్సెక్కితే రెండు గంటల్లో వచ్చేస్తారు.

లేసు_అత్తయ్య (నాలుగు రోజుల తర్వాత):
అడిగాను. ఏం చెప్పను మీకు.

పెద్దావిడ, అంటే తల్లి, ఎనిమిది నెలలుగా లేసులో అందరికంటే వెనకబడి ఉండేది. కళ్ళు ఆనవేమో, వయసేమో అనుకుని నేనే పోనీలే అనేదాన్ని. "అమ్మా, మీకేం వచ్చు?" అని కోడలి చేత అడిగించాను. లేచి పైకి వెళ్ళింది. తువ్వాలులో చుట్టిన ఒక చొక్కా ముందు భాగం తెచ్చింది. కొడుకు పెళ్ళికి కుట్టిందట. తెల్ల బట్ట మీద తెల్ల పట్టుదారం. మొదట నాకేమీ కనబడలేదు. వరండా అంచుకి తీసుకెళ్ళి వాలుగా ఎండకి పట్టింది. అప్పుడు కనబడ్డాయి, చదరాలు, నక్షత్రాలు, మధ్యలో మెత్తగా మెరిసే పలకలు. గీత గీసుకోకుండా, అచ్చు పెట్టకుండా, బట్ట పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టిందంతా. దీన్ని ఖామక్ అంటారట, కాందహార్ వైపు పని, వాళ్ళ పుట్టిల్లు అటే.

వెనక్కి తిప్పి చూశాను, అలవాటు కొద్దీ. లేసయినా, కుట్టయినా వెనకవైపు చూస్తేనే మనిషి తెలుస్తుంది. ఒక్క ముడి లేదు.

నేను ఈవిడకి చైను కుట్టు నేర్పాను!

సిరిపురం_బొటిక్:
అత్తయ్యగారూ, ఫోటో వద్దు, మనుషులు వద్దు, ఆ చొక్కా కుట్టు మాత్రం దగ్గర్నుంచి తీసి నాకు విడిగా పంపిస్తారా? నాకు ఆసక్తి ఉంది. జాలి మీద కాదు. తెల్ల మీద తెల్ల పని అంటే ఇక్కడ లక్నో చికన్ ఎంబ్రాయిడరీ తప్ప జనానికి ఇంకోటి తెలీదు.

రెండు మాటలు ముందే చెప్తాను. నాకు నెలకి నాలుగు ముక్కలు చాలు, నలభై వద్దు. కుట్టిన గంటకి ఇంత అని ముందే అనుకుందాం, ముక్క అమ్ముడైనా కాకపోయినా కుట్టుకూలి ఇచ్చేస్తాను. అమ్ముడుపోకపోతే నష్టం నాది, ఎందుకంటే ధర పెట్టేది నేను.

పొందూరు_బిడ్డ:
ఇంత పనికి మా పొందూరు ఖద్దరు వాడండి అక్కా! వాలుగ చేప దవడతో దూది దువ్వి, ఏకులు అరటి దొప్పలో దాచి, చేత్తో వడికిన నూలు. గాంధీగారే మెచ్చుకున్న బట్ట. కళకి కళ తోడవుతుంది.

పడుగుపేక:
పొందూరు తమ్ముడూ, నీ బట్ట గొప్పదే, కానీ ఈ పనికి సరిపడదు. పోగులు లెక్కపెట్టి కుట్టే పని అన్నారు కదా. చేత్తో వడికిన నూలులో ఒక పోగు లావు, ఒకటి సన్నం, అందం అక్కడే ఉంది. కానీ పది పోగులు అడ్డంగా, పది పోగులు నిలువుగా లెక్కేస్తే చదరం రాదు, ఒక పక్కకి సాగుతుంది. నక్షత్రం కాస్తా గాలిపటం అయిపోతుంది. పడుగూ పేకా ఒకే నంబరు నూలు, అంగుళానికి రెండు వైపులా సమానంగా పోగులుండే బట్ట కావాలి. మంగళగిరి నూలు బట్ట, 80 నంబరు, అంచు లేని తాను అడగండి. అందులోనూ మగ్గాన్ని బట్టి పేక సాంద్రత మారుతుంది. కొనేముందు భూతద్దం పెట్టి అంగుళంలో రెండు వైపులా లెక్కపెట్టండి. మేం చీరాల నేతవాళ్ళం, మంగళగిరి పేరు నా నోట రావడమే ఎక్కువ.

పొందూరు_బిడ్డ:
ఒప్పుకుంటున్నాను, గాలిపటం మాట మాత్రం మర్చిపోను.

ఉక్కు_నిర్వాసితుడు:
అత్తా, అగరొత్తుల కథ అడిగినావు. చెప్తాను. నేర్పినోడు ముడిసరుకు మూడు నెలలు ఇచ్చినాడు. తర్వాత మీరే కొనుక్కోండి అన్నాడు. కొన్నాం. చుట్టినాం. అమ్మను ఎల్తే షాపోడు "కంపెనీ అట్టపెట్టి ఏదీ, వాసన ఏదీ" అన్నాడు. మాకు నేర్పింది చుట్టడం ఒక్కటే. వాసన కలపడం నేర్పలేదు, అది కంపెనీ రహస్యం అంట. అంటే మేం కూలోళ్ళమే గాని తయారుసేసినోళ్ళం కాదు. అమ్మ అప్పుడే అంది, "సగం పని నేర్పినోడు మొత్తం పని తన దగ్గిరే ఉంచుకున్నాడురా" అని.

మీ అఫ్గాన్ ముసలమ్మకి మొత్తం పని వచ్చు. అది తేడా. నాకు ఇంకా కోపం ఉంది గాని ఆవిడ మీద కాదు.

రంగం_మనవరాలు:
ఉక్కు అన్నా, మీ అమ్మగారి మాట మా అమ్మమ్మకి వినిపించాను. 88 ఏళ్ళు, చెవుడు, మూడుసార్లు అరవాల్సొచ్చింది. విన్నాక "వాళ్ళ తాలూకు కూడా ఓడ దిగినవాళ్ళేనా?" అంది. కాదే, ఇక్కడివాళ్ళే, ఊరు పోయింది అన్నాను. "అయితే మనకంటే కష్టం. మనకి దిగడానికి ఊరుంది" అంది.

బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం 1969లో రెప్కో బ్యాంకు అని ఒకటి పెట్టారు. అలాంటిది నిర్వాసితులకెందుకు లేదని మీరు వేరే చర్చ మొదలెట్టండి, నేనూ వస్తాను. అప్పుడు మనవాళ్ళు మన దేశస్థులే కాబట్టి అప్పులూ దొరికాయి, రేషన్ కార్డులూ దొరికాయి. ఈవిడకి అది లేదు. అందుకే గుమస్తాగారి మాట పెడచెవిన పెట్టకండి పిన్నీ.

ఢిల్లీ_తెలుగమ్మాయి:
ఒక చిన్న హెచ్చరిక. పెద్దావిడ దొరికింది కదా అని లేసు మానిపించకండి. అత్తయ్య మొదటి టపా మళ్ళీ చదివాను. మెట్ల మీద గోడ చూసుకుంటూ కూర్చున్న మనిషి రెండు మెట్లు కిందికి దిగింది. దానికి గంటకి ఇంత అని లెక్క కట్టకూడదు. ఇల్లు నడవడానికి చేసే పని, మనసు నిలబడడానికి చేసే పని ఒకటే అవ్వాలని ఏం లేదు.

లేసు_అత్తయ్య:
అదే చేశాను తల్లీ. పెద్దమ్మాయి లేసు మానలేదు, మానదట కూడా. లెక్కల టీచరు కదా, పువ్వుకి ఎన్ని కుట్లు పెరిగితే బల్లపరుపుగా వస్తుంది, ఎన్నిటికి గిన్నెలా ముడుచుకుంటుంది అని పుస్తకంలో పట్టిక వేసింది. నలభై ఏళ్ళుగా అల్లుతున్నాను, నేను ఎప్పుడూ లెక్క వెయ్యలేదు, చెయ్యి చెబితే చేశాను. ఇప్పుడు మా వీధి పిల్లలు నలుగురికి లెక్కలు చెప్తోంది, ఊరికేనే. పెరుగు, ఆవకాయ మాత్రం ఆ ఇళ్ళ నుంచి మేడ మీదికి వెళ్తూంటాయి, అది ఏ కాగితం కిందికి వస్తుందో గుమస్తాగారే చెప్పాలి.

పాత_గుమస్తా:
ఆవకాయ మీద సర్క్యులర్ ఏదీ లేదు. తిననివ్వండి.

లేసు_అత్తయ్య (రెండు నెలల తర్వాత):
కబురు చెప్పకుండా మాయమయ్యానని అనుకున్నారేమో. మావారికి కంటి ఆపరేషను, అందుకే ఆలస్యం.

అబ్బాయి ఒక్కొక్కరి కాగితం పట్టుకుని కమిషనరేట్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ఏం చెప్పారో ఇక్కడ రాయను, వాళ్ళ సొంత సంగతి. చెప్పినదాన్ని బట్టే నడుస్తున్నాం, అందుకే ఐదుగురిలో ఇద్దరే డబ్బు పనిలో ఉన్నారు. మిగతావాళ్ళు నేర్చుకుంటున్నారు, అంతే.

పెద్దావిడ మంగళగిరి బట్ట మీద మొదటి ముక్క కుట్టింది, కుర్తీ మెడ భాగం. కుట్టేముందు బట్టని వేళ్ళతో తడుముతూ రెండు పోగులు లాగి చూసి, "బాగుంది, కానీ గంజి ఎక్కువ" అంది. మూడుసార్లు ఉతికించింది నాచేత. 31 గంటలు పట్టింది. సిరిపురం అమ్మాయి గంటకి 90 చొప్పున 2,790 మా వరండాలోనే లెక్కపెట్టి ఇచ్చింది. పెద్దావిడ తీసుకోలేదు. ఏమైందోనని హడిలిపోయాం. కోడలితో ఏదో అంది. తేలిందేమిటంటే, ఒక నక్షత్రంలో ఒక పోగు లెక్క తప్పిందట, అది సరిచేసేదాకా తీసుకోదట. మాకెవరికీ భూతద్దంలో కూడా కనబడలేదు. సాయంత్రానికి విప్పి మళ్ళీ కుట్టి, అప్పుడు తీసుకుంది.

నాలుగు ముక్కల్లో మూడు అమ్ముడుపోయాయి. నాలుగోది సిరిపురం అమ్మాయే ఉంచేసుకుంది. చీటీ మీద "చేతితో కుట్టిన ఖామక్ పని, మంగళగిరి నూలు, ఏటికొప్పాక లక్క బొత్తాలు" అని మాత్రమే రాయించాం. కన్నీళ్ళ ఊసు లేదు. లేసు చీటీల మీద నర్సాపురం పేరు వాడదామా అని ఆ అమ్మాయి అడిగింది. నేనే వద్దన్నాను. 2024లో మా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఆ ప్రాంతంలో అల్లినదానికే చెల్లుతుంది. పెదవాల్తేరులో అల్లి నర్సాపురం అంటే మా ఊరివాళ్ళు ఊరుకున్నా మా అమ్మ ఊరుకోదు, పైనుంచి.

బాగోలేనివీ చెప్పాలి. పక్క వీధి ఇద్దరిలో ఒకావిడ రావడం మానేసింది. భర్తకి ఇష్టం లేదట. రెండుసార్లు వెళ్ళి పిలిచాను, మూడోసారి వెళ్ళడం ఆవిడకే ఇబ్బందని మానేశాను. ఆవిడ దగ్గర నా 1 నంబరు సూది ఉండిపోయింది, అడగను. ఇంకోటి, పెద్దావిడ కళ్ళు. రోజుకి రెండు గంటలకి మించి కుట్టనివ్వట్లేదు నేను. ఆవిడకి నా మీద కోపం. కోడలు పక్కన కూర్చుని నేర్చుకుంటోంది, పోగులు లెక్కపెట్టడంలో తప్పులు చేస్తోంది, అత్తగారు నవ్వుతూంటే ఈ అమ్మాయికి ఏడుపొస్తుంది. ఏ దేశమైనా అత్తాకోడళ్ళు అంతే.

లక్కపిడత:
బొత్తాలు సరిపోయాయా అత్తయ్యా? తెల్ల మీదికి పసుపు బావుంటుందని నేను ఆ రంగే ఎక్కువ పంపాను.

లేసు_అత్తయ్య:
సరిపోయాయి నాయనా, కానీ పెద్దావిడ పసుపు వద్దంది. నీలం ఉంటే ఇంకో రెండు డజన్లు పంపు. అక్కడ వాళ్ళింటి తలుపులు నీలమట.

ఉక్కు_నిర్వాసితుడు:
అత్తా, మా పిన్ని కూతురు గాజువాకలో ఉంటాది, ఖాళీగా ఉంది, సూది పని ఇష్టం. ఆ ముసలమ్మ నేర్పుతాదా? ఫీజు ఏమాత్రం? ఆవిడికి ఫీజు తీసుకోకూడదంటే నేను చేపలు తెస్తాను.

లేసు_అత్తయ్య:
పంపించు బాబూ. మంగళ, గురు, మధ్యాహ్నం మూడింటికి. ఎడమచేతి వాటమైతే ముందే చెప్పమను.

అన్నట్టు ఎవరైనా ఈవారం విజయవాడ వైపు నుంచి వస్తున్నారా? మంగళగిరి బట్ట ఆరు మీటర్లు కావాలి, కొరియరులో తెప్పిస్తే కిందటిసారి తడిసి వచ్చింది.

పడుగుపేక:
శనివారం మంగళగిరిలోనే ఉంటాను, మా వియ్యంకుడి ఊరు. భూతద్దం పట్టుకెళ్ళి నేనే లెక్కపెట్టి తీసుకుంటాను. ఆదివారం రత్నాచల్‌లో మా అబ్బాయి వైజాగు వస్తున్నాడు, వాడిచేత పంపుతాను. గంజి తక్కువ పెట్టిన తాను అడుగుతాను, ఆవిడతో చెప్పండి.